పలకల లారీ మీద నాగపూర్‌దాకా

ఏప్రిల్ వచ్చిందంటే మార్కాపురంలో పలకల పని ఊపందుకునేది. జూన్‌లో బడులు తెరుస్తారు. ఆ లోపల ఒకటో తరగతిలో చేరబోయే ప్రతి బిడ్డ చేతికీ ఒక పలక అందాలి. చుట్టుపక్కల గనుల నుంచి ఎడ్లబండ్ల మీదా ట్రాక్టర్ల మీదా నల్లరాయి దిగుతుంటే, పట్టణం అంచుల్లోని షెడ్లలో పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా చప్పుడే. రాయి చీల్చే ఉలి చప్పుడు, కోత మిషను చప్పుడు, చట్రాలకు మొలలు కొట్టే చిన్న సుత్తుల చప్పుడు. కొనకనమిట్ల, తర్లుపాడు వైపు పల్లెలన్నీ మెట్ట పల్లెలు. కంది, ఆముదం, సజ్జ ఇంటికి చేరాక చేలో పనుండదు. చెరువులెండి, బావులు అడుగంటి, పశువుల్ని ఎక్కడికి తోలాలో తెలియని ఆ నెలల్లో మా పల్లెలకు కూడు పెట్టింది పలక.

ఆ రాయి కథ పెద్దది. కంభం పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే శిలల పొర ఒకటుంది, కడప శిలల్లో భాగం. దాని వయసు వందకోట్ల ఏళ్లకు పైమాటే. ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న సన్నటి బురద, భూమి లోపలి ఒత్తిడికి నలిగి నలిగి, పొరలు పొరలుగా చీలే గుణం తెచ్చుకుంది. వాన కోసం మొగం వాచిన మా నేల కింద అంత నీటి జ్ఞాపకం దాగి ఉందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదివిన రోజు ఆ షెడ్డులోని మనుషులందరికీ చెప్పాలనిపించింది.

1986లో నేను పదో తరగతి పరీక్షలు రాశాను. రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టి అప్పటికి ఏడాది. కొనకనమిట్లకు మండలాఫీసు వచ్చిందని ఊళ్లో అందరికీ ఒక హుషారు. నాకు మాత్రం నలుగురిలో నోరు పెగిలేది కాదు. జవాబు తెలిసినా లేచి నిలబడితే గొంతు ఎండిపోయేది. కొట్టుకు పంపితే ముందు వేరేవాళ్లంతా కొనుక్కుని వెళ్లేదాకా పక్కన నిలబడేవాణ్ని. మా నాయన ఒకనాడు అన్నం తింటూ, నేను వింటున్నానని తెలియక, "చదువు సరే, వీడు మనుషుల్లో ఎట్టా బతుకుతాడే" అని అమ్మతో అన్నాడు. అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, మార్కాపురంలో ఒక పలకల షెడ్డులో మేస్త్రీ. "రెండు నెలలు నాతో పంపించు బావా" అన్నాడు. అంతే, ఎర్రబస్సెక్కాను.

షెడ్డులో పని నేను అనుకున్నట్టు మొరటుది కాదు. రాయి చీల్చేవాళ్లు దిమ్మెను పక్కకు ఒరిగించి, ఏ పొర ఎటు నడుస్తుందో వేలితో తడిమి, అంచున ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తట్టేవారు. ఒక దెబ్బకు ఏమీ కాదు. ఇంకో దెబ్బ, కాస్త జరిపి మరో దెబ్బ. ఉన్నట్టుండి పాత పుస్తకంలో అతుక్కుపోయిన పుటలు విడివడినట్టు రాయి విడిపోయేది. బలంతో కొట్టేవాడికి ముక్కలే మిగిలేవి. చీలిన బిళ్లలు కోతకు వెళ్లేవి. కోసిన బిళ్లలను ఆడవాళ్లు నీళ్లు చల్లుతూ రుద్ది నునుపు చేసేవాళ్లు. తర్వాత చెక్క బద్దల చట్రం, మూలలకు మొలలు. కొన్నిటికి పైన తీగ కట్టి రంగు పూసలు ఎక్కించేవారు. పూసల పలక అడిగిన పిల్లకు ఇంట్లో గారాబం ఎక్కువని అర్థం. మా ఇళ్లలో మామూలు పలకే, అది కూడా అన్న రాసి వదిలేసింది. మసకబారితే బొగ్గూ ఆకుపసరూ కలిపి రుద్ది, ఎండలో పెట్టి, మళ్లీ నల్లగా చేసుకునేవాళ్లం.

నన్ను లెక్కకు పెట్టారు. డజన్లు కట్టడం, పన్నెండు డజన్లయితే గ్రోసు, పెట్టెలో గడ్డి పరిచి వరుసలు పేర్చడం, పెట్టె మీద సైజు రాయడం. కట్టే ముందు ప్రతి పలకనూ పరీక్ష చేయాలి. ఆ విద్య నాకు నేర్పింది షెడ్డులో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో. పలకను రెండు వేళ్ల మధ్య వేలాడదీసి, మరో చేతి వేలి కణుపుతో తట్టేది. మంచి పలక ఖంగుమని మోగుతుంది. లోపల వెంట్రుకంత పగులున్నా సరే, మొద్దుగా పలుకుతుంది. "కంటికి కనపడని పగులు చెవికి తెలుస్తాదిరా అబ్బయ్యా. కళ్లు మూసుకో, అప్పుడు కొట్టు" అనేది. మొదట్లో నాకు అన్నీ ఒకేలా వినిపించాయి. ఆమె విసుక్కోలేదు. తట్టి, నా చెవి దగ్గర పెట్టి, మళ్లీ తట్టేది. వారం కూలి రెండోసారి చేతికి వచ్చేనాటికి నేను తీసి పక్కన పెట్టిన పలకను ఆమె మళ్లీ తట్టి చూడటం మానేసింది. నా జీవితంలో ఒకరు నా మాటను మళ్లీ పరీక్షించకుండా ఒప్పుకోవడం అదే మొదలు.

చట్రాలకు మొలలు కొట్టే చోట పిల్లలుండేవారు. ఎనిమిదేళ్లవాళ్లు, తొమ్మిదేళ్లవాళ్లు. వాళ్ల వేళ్లు సన్నం గనక ఆ పని వాళ్లదని అక్కడ అందరూ మామూలుగా అనుకునేవారు. నాకు పదహారేళ్లు, వేసవి అయిపోతే కాలేజీ. వాళ్లకు వేసవి అయిపోవడమంటూ లేదు. వాళ్లు కొట్టిన చట్రాల్లోని పలకల మీద వాళ్లు అక్షరం దిద్దలేదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నానుగానీ, ఆనాడు నాకూ తట్టలేదు. మధ్యాహ్నం పూట వాళ్లతో కలిసి సద్ది తిని, గోళీలాడాను. కోత మిషను దగ్గరి తెల్లటి దుమ్ము మా అందరి కనురెప్పల మీదా సమానంగానే వాలేది. సాయంత్రం కుళాయి దగ్గర కడుక్కుంటే పోయేది. కడుక్కుంటే పోని చోటికి కూడా అది వెళుతోందని మాకెవరూ చెప్పలేదు.

మే నెలలో నాగపూర్‌కు ఒక లోడు పడింది. దారిలో కొంత సరుకు నంద్యాలలో, కొంత కర్నూలులో దించాలి. మిగతాదంతా నాగపూర్ ఇత్వారీ బజారుకు. సరుకుతో వెళ్లాల్సిన గుమాస్తాకు ఇంట్లో పెళ్లి. ముహూర్తాల కాలం, ఇంకెవరూ దొరకలేదు. "మా వాడు లెక్క తప్పడు" అని చిన్నమామ పూచీ పడ్డాడు. లారీ రసీదు, పెట్టెల జాబితా, కొంచెం డబ్బు ఒక గుడ్డసంచిలో పెట్టి నా మెళ్లో వేశారు. అప్పటిదాకా ఒంగోలు కూడా చూడనివాణ్ని.

డ్రైవరు కంభం వైపు మనిషి. అందరూ సాయిబు మామ అనేవారు, నేనూ అట్లాగే పిలిచాను. యాభై దాటిన వయసు, మాట తక్కువ. బళ్లారి, రాయచూరు రోడ్లు ఆయనకు కంఠతా వచ్చు. నాగపూర్ మాత్రం ఆయనకూ కొత్తే. క్లీనరు గిద్దలూరు కుర్రాడు, నా ఈడువాడు. పేరుకు క్లీనరుగానీ బండి ఆరోగ్యమంతా వాడి చేతుల్లోనే ఉండేది. ఆగిన ప్రతిచోటా ఇనుప కడ్డీ పట్టుకుని దిగి, టైర్లను ఒక్కొక్కటే కొట్టి చెవి ఒగ్గి వినేవాడు. గాలి సరిగా ఉంటే ఒక మోత, తగ్గితే ఇంకో మోత. అది చూసి నేను పెద్దక్క సంగతి చెప్పాను. వాడు ఒక పలక తీయించి తట్టి విన్నాడు, నేను కడ్డీ తీసుకుని టైరు కొట్టి విన్నాను. నల్లమల ఎక్కకముందే మేమిద్దరం స్నేహితులమయ్యాం.

గిద్దలూరు దాటేసరికి చీకటి పడింది. దిగువమెట్ట నుంచి అడవి. లోడు బండి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే మనిషి నడకకన్నా కొంచెం వేగం, అంతే. పక్కన అడవిలోంచే అప్పటి మీటరు గేజి రైలుపట్టా గుంటూరు నుంచి గుంతకల్లుకు పోయేది. బ్రిటిషువాళ్ల కాలంలో ఈ నల్లమలను తొలిచి వేసిన లైను అది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక పెట్టెలు కిర్రుమనేవి. నా ప్రాణమంతా అక్కడే. ఆ చప్పుడులో పలక పగిలిన చప్పుడు కలుస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. సాయిబు మామ అది గమనించాడు. "భయపడుతున్నావా అబ్బయ్యా?" అన్నాడు. "పలకలు, మామా" అన్నాను. ఆయనింకేమీ అనలేదు. తర్వాతి మలుపు ఇంకా మెల్లగా తిప్పాడు. పచ్చర్ల దగ్గర బండి ఆపి, ముందు బంపరుకు వేలాడదీసిన కేన్వాసు సంచిలోంచి నీళ్లు ఇచ్చాడు. గాలికి చల్లబడి, కాస్త గుడ్డ వాసనతో ఉన్న ఆ నీళ్ల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

నంద్యాలలో తెల్లవారింది. కొట్టు యజమాని అరుగు మీద కూర్చుని, బండి వెనక ఎవరైనా పెద్దమనిషి దిగుతాడేమోనని చూశాడు. "గుమాస్తా ఏడి?" అన్నాడు. క్లీనరు నన్ను మోచేత్తో పొడిచాడు. "నేనేనండి" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక మిగతాది తేలికైంది. పెట్టెలు దించి, లెక్క ఒప్పజెప్పి, సంతకం తీసుకున్నాను. కర్నూలులో అంత ఆలోచన కూడా లేదు. పొద్దెక్కేలోగా పని ముగించుకుని తుంగభద్ర వంతెన మీదికి వచ్చేశాం. మార్కాపురం, గిద్దలూరు 1970దాకా కర్నూలు జిల్లాలోనివే. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి, రెండేళ్లకు దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. "మా నాయన భూమి దావాకు ఎడ్లబండి కట్టుకుని ఈ ఊరికొచ్చేవాడు" అని సాయిబు మామ చెప్పాడు. బండి మాటలు తప్ప ఆయన నోట నేను విన్న మొదటి కబురు అదే.

ఇక నదులు. నాకు తెలిసిన ఏరు గుండ్లకమ్మ. వేసవిలో అదొక ఇసుక దారి. చెలమ తవ్వి నీళ్లు తోడుకునేవాళ్లం. తుంగభద్ర మే నెలలో చిక్కి ఉన్నా ఒక పాయ పారుతోంది. బీచుపల్లి దగ్గర కృష్ణ వచ్చింది. వంతెన మీద సాయిబు మామ బండి నెమ్మది చేసి, పావలా తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్లలోకి విసిరాను. మర్నాడు ఆర్మూరు దాటాక సోన్ దగ్గర గోదావరి. ఆ తర్వాత పెన్‌గంగ. రెండు మూడు రోజుల్లో ఇన్ని నీళ్లు చూశాక నాకు సంతోషం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. దేశంలో నీళ్లు ఇన్ని ఉండగా కొనకనమిట్లలో అమ్మ బిందె చంకన పెట్టుకుని ఎందుకు తిరగాలి? నల్లమలకు అవతల శ్రీశైలం దగ్గర అప్పటికే కృష్ణకు ఆనకట్ట కట్టారు. కొండకు ఇవతల మేం. ఆ నీళ్లను సొరంగాల గుండా మా వైపు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ సొరంగాల కోసం మా ప్రాంతం ఒక తరం వయసంత కాలం ఎదురుచూసింది. నీటి కోసం ఎవరు ఎక్కడ నిలబడి మాట్లాడినా నేను వెళ్లి వింటాను. ఆ వంతెనల మీద కలిగిన కోపం అది, ఇంకా చల్లారలేదు.

పగలు పెద్ద ఊళ్లలో లారీలను పోనివ్వరు గనక హైదరాబాదును నేను రాత్రి దీపాలుగా మాత్రమే చూశాను. కామారెడ్డి, నిర్మల్, మహబూబ్ ఘాటు, ఆదిలాబాదు. ఒక పంజాబీ డాబాలో నవారు మంచం మీద కూర్చుని మొదటిసారి రొట్టె, పప్పు తిన్నాను. పొరుగు మంచం మీద తమిళ డ్రైవర్లు. అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి కాశీ నుంచి కన్యాకుమారిదాకా ఉండేది. ఆ ఒక్క డాబా ముందు ఎన్ని రాష్ట్రాల బళ్లు, ఎన్ని భాషల తిట్లు, ఎన్ని దేవుళ్ల పటాలు!

పెన్‌గంగ దాటగానే తెలుగు బోర్డులు ఆగిపోయాయి. రోడ్డు పక్కన రాళ్ల మీద, ఊళ్ల పేర్ల మీద అంతా నాగరి లిపి. సాయిబు మామకు మాట్లాడే హిందూస్తానీ బాగా వచ్చు. కానీ ఆయన చదువు ఉర్దూ, కూడబలుక్కుని తెలుగు. నాగరి ఒక్క అక్షరం రాదు. నా సంగతి తిరగేసి ఉంది. మా బళ్లో హిందీ పండితులు సాయంత్రాలు కూర్చోబెట్టి హిందీ ప్రచార సభ పరీక్షలు, ప్రాథమిక, మధ్యమ కట్టించారు. చదవగలను, రాయగలను. నోరు విప్పి ఒక్క వాక్యం మాట్లాడింది లేదు. ఒక కూడలి దగ్గర బండి ఆగింది. రెండు దారులు, అడగటానికి మనిషి లేడు. బోర్డు వంక చూసి మెల్లగా చదివాను. "ఎడమ పక్కది నాగపూర్, మామా." ఆయన నా వైపు తిరిగి చూశాడు. "నీకు చదవటం వచ్చా?" ఆ తర్వాత నేను కిటికీ పక్క చోటికి మారాను. వచ్చే ప్రతి బోర్డునూ గట్టిగా చదవడం నా ఉద్యోగమైంది. పాండర్‌కవడా. వడ్‌నేర్. హింగణ్‌ఘాట్. యవత్‌మాళ్ పేరు చివర మా హిందీ పుస్తకంలో లేని అక్షరం ఒకటి కనిపించింది. ఆయన ఊరి పేరు పలికి చెప్పాడు, అది మన 'ళ' అని నేను పోల్చుకున్నాను. ఇంజను హోరులో వినపడాలంటే అరవాలి. నాగపూర్ ఇంకా ఎంత దూరమో కిలోమీటరు రాళ్ల మీది అంకెలు చూసి అరిచి చెప్తుంటే, క్లీనరు కుర్రాడు నా వెనకే పలికేవాడు. వాడికి ఏ భాషలోనూ అక్షరం రాదు. హింగణ్‌ఘాట్ చేరేసరికి నాగరి అంకెలు తొమ్మిదింటిలో ఆరింటిని వాడు గుర్తుపట్టగలిగాడు. వాడికి అంకెలు నేర్పడానికి ఒక పలకా, డజను బలపాలూ పైన పెట్టుకున్నాం.

ఆ పలకే ఇత్వారీలో అక్కరకు వచ్చింది. ఇరుకు వీధులు, తోపుడు బళ్లు, పెద్ద పెద్ద కొట్లు. పెట్టెలు విప్పాక పగిలినవి ఎన్ని, మంచివి ఎన్ని అన్న లెక్క మొదలైంది. సేటు మునీము అంకెలు గడగడా చెప్తున్నాడు. హిందీలో ఇరవైదాకా నాకు తడుముకోకుండా వచ్చు. ముప్పై తొమ్మిది, నలభై ఏడు, అరవై తొమ్మిది అంటే తల తిరిగింది. నాలుగు కళ్లు నా మీద ఉన్నాయి. నేను లారీ దగ్గరికి పరుగెత్తి పలక తెచ్చాను. నా లెక్క పైన రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక క్షణం చూసి, బలపం అడిగి పుచ్చుకుని, కింద తన అంకెల్లో తన లెక్క రాశాడు. తేడా ఎక్కడుందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మంచి పలకలు కొన్ని పగుళ్ల కుప్పలో పడ్డాయి. చట్రం కాస్త వదులైతే వాటిని పగుళ్లు అనుకున్నారు. ఒక్కొక్కటి వేలాడదీసి తట్టాను. మునీము వంగి విన్నాడు. రెండు మూడు విన్నాక తనే ఒకటి తీసుకుని తట్టి, "ఠీక్" అని మంచి కుప్పలోకి మార్చాడు. చివరికి మొత్తం లోడులో పగుళ్లు ఇరవై ఏడు తేలాయి. అంత దూరం, అన్ని ఘాట్ల మీద, ఇరవై ఏడు! సాయిబు మామ బీడీ ముట్టించుకుని, మొదటిసారి నన్ను "గుమాస్తా" అని పిలిచాడు.

సరుకు చేరిందని మార్కాపురం కబురు చేయాలి. అప్పట్లో ట్రంకు కాలు బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. లైను కలిశాక పది మంది చూస్తుండగా బల్ల మీది ఫోను ఎత్తాను. ఫోనులో మాట్లాడటం నాకదే మొదలు. అవతల ఎవరిదో గొంతు, సగం గాలి. "ఎవరూ? ఎవరూ?" అంటున్నారు. కాలు నిమిషాల మీద నడుస్తుంది, సిగ్గుపడటానికి వ్యవధి లేదు. ఊరిపేరు, పెట్టెల లెక్క, పగుళ్ల లెక్క, రావాల్సిన డబ్బు, అన్నీ గొంతు చించుకుని అరిచాను. ఆ గదిలో ఒక్కరికీ తెలుగు రాదు, ఒక్కరూ నవ్వలేదు. అందరూ అట్లాగే అరుస్తున్నారు, తమ తమ ఊళ్లకు, తమ తమ భాషల్లో. బయటికి వచ్చాక గొంతు బొంగురుపోయింది. కొనకనమిట్లలో కొట్టు ముందు మాట రాక నిలబడ్డ గొంతు ఇదేనా అని నాకు ఆశ్చర్యం వేసింది.

వచ్చే దారి సంగతులు చాలా ఉన్నాయిగానీ అవి ఇక్కడ అక్కర్లేదు. ఇంటికి చేరాక నాయన ఏమీ అడగలేదు. మర్నాడు ఆముదాలు అమ్మడానికి సంతకు పోతూ, "రా, బేరం నువ్వు మాట్లాడుదువు" అన్నాడు.

నేను తర్వాత ఉపాధ్యాయుణ్నయ్యాను. ఒకటో తరగతి చెప్పాను. పలక నా కళ్ల ముందే బడిలోంచి వెళ్లిపోయింది. మొదట రేకు పలకలు వచ్చాయి, కింద పడితే పగలవని తల్లులు అవి కొన్నారు. తర్వాత ప్లాస్టిక్కు. కాన్వెంటు బళ్లలో మొదటి రోజు నుంచే నోటుపుస్తకం, పెన్సిలు. కొన్నేళ్లకు సర్కారు బళ్లలోనూ అంతే. రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసే అలవాటు పోయింది. పలక మీద తప్పు రాసిన పిల్లవాడు భయపడడు, తుడిచేస్తాడు. నోటుపుస్తకంలో తప్పు రాసినవాడు ఆ పుటను మూసి దాచుకుంటాడు. నోరు విప్పని పిల్లల్ని నేను ఎంతోమందిని చూశాను. వాళ్లకోసం నా బల్ల సొరుగులో కొన్ని రాతి పలకలు ఎప్పుడూ ఉంచేవాణ్ని. మార్కాపురం షెడ్లు మెల్లగా ఇంటి గోడలకూ నేలకూ వేసే రంగురాళ్ల వైపు తిరిగాయి. ఆ రాళ్లు విదేశాలకూ వెళ్లాయి. అచ్చమైన పలక ఇప్పుడు ఎక్కువగా అక్షరాభ్యాసాల పీటల మీదే కనిపిస్తుంది.

1996 డిసెంబరు 10న బాలకార్మికుల మీద సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడు ప్రభుత్వం మీద ఎం.సి. మెహతా వేసిన కేసు అది. పిల్లలతో పని చేయిస్తున్న తొమ్మిది పరిశ్రమల పేర్లు అందులో ఉన్నాయి. శివకాశి అగ్గిపెట్టెలు, సూరత్ వజ్రాలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, ఆలీగఢ్ తాళాలు. ఆ వరసలో మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకలతో పాటు మార్కాపురం పలకలు. పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలని కోర్టు చెప్పింది. ఆ వార్త నేను స్టాఫ్ రూములో చదివాను. మా ఊరి పేరు దేశంలోకెల్లా పెద్ద కోర్టు కాగితం మీదికి ఎక్కింది, ఇట్లా ఎక్కింది. నాకు ఆ మొలలు కొట్టే పిల్లలు గుర్తొచ్చారు. అప్పటికి వాళ్లకు పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు వచ్చి ఉంటాయి. కోర్టు మాట వాళ్లకు ఆలస్యంగా వచ్చింది. నాకు ఆ వేసవి నోరిచ్చిందన్నది నిజం. అదే వేసవి, అదే షెడ్డు, అదే దుమ్ము, వాళ్లకేమిచ్చిందన్నది కూడా అంతే నిజం. ఒకటి చెప్పి రెండోది దాచే హక్కు నాకు లేదు.

రాతిదుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. సిలికోసిస్ అంటారు. గట్టిపడిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు, దానికి మందు లేదు. దగ్గూ ఆయాసమూ చూసి క్షయ అనుకోవడం మామూలు. ఈ జబ్బున్నవాళ్లకు క్షయ తేలిగ్గా సోకుతుంది కూడా. కోసేచోట నీళ్లు చల్లినా, దుమ్మును పీల్చే యంత్రం పెట్టినా చాలావరకు తప్పించగలిగిన జబ్బు ఇది. రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ఇట్లాంటి కార్మికులను గుర్తించి, పరీక్ష చేసి, ధ్రువపత్రమూ సాయమూ ఇచ్చే విధానం తెచ్చింది. మార్కాపురం షెడ్లలో బతుకులు అరగదీసుకున్నవాళ్లకు కూడా ఊరూరా అలాంటి పరీక్షలు జరగాలని నేను అడుగుతూనే ఉన్నాను. అర్జీలు రాస్తాను, ఆఫీసుల్లో నిలబడి మాట్లాడతాను.

పెద్దక్కకు ఇప్పుడు డెబ్బై. పది అడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకోవాలి. పోయిన వేసవిలో ఆమెను ఎక్స్‌రే కోసం ఒంగోలు తీసుకెళ్లాను. బెంచీ మీద కూర్చుని కాగితాలు నింపుతూ, ఏ ఏడు నుంచి ఏ ఏడుదాకా షెడ్డులో పనిచేశావని అడిగాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. నాగపూర్ మాట వచ్చింది.

"ఆ లోడు నేనే కట్టింది. పగుళ్లు ఎన్ని తేలినయిరా అప్పుడు?" అంది.

"ఇరవై ఏడక్కా."

ఆమె ఊపిరి తీసుకోవడానికి కొంచెం ఆగింది. "గడ్డి ఇంకో చుట్టు వేద్దామంటే మీ మామ వినలా. వేసి ఉంటే అన్ని కూడా పోయేవి కావు" అంది. తర్వాత కాగితం మీద వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించమంది.